గంజి కంత

ఆ సంగతి నేను ఆటోవాడి నోట విన్నాను. చిలమత్తూరులో కూతురింట్లో నెలన్నర ఉండి తిరిగి వస్తూ, కళ్యాణదుర్గంలో బస్సు దిగి షేర్ ఆటోలో ఇరుక్కుని కూర్చున్నానో లేదో, వాడు వెనక్కి తిరిగాడు.

"అవ్వా, జైలుపల్లె కదా నీది? మీ జైల్లో మరియమ్మ తల్లి బయటపడిందంట కదా. మీ ఊరి ముసలామె మొహమే గీసినారంట."

"ఏ ముసలామెరా?"

"ఎవరో నల్లమ్మంట. పేరుకు నల్లమ్మ గానీ మనిషి ఎర్రగా ఉంటాదంట."

నల్లమ్మ నా చెల్లెలు. దాని పేరు వింటే నా కడుపులో మంట పుట్టడం కొత్త కాదు. డెబ్బై ఏళ్లు దాటిన దానికి ఇంకా ఏం మంట అంటారేమో. అలా అనేవాళ్లకు అలాంటి చెల్లెలు ఉండదు, అందుకే అంటారు.

ఇంటికి పోయేసరికి కోడలు హేమ పేపరు మడిచి పరుపు కింద భద్రంగా పెట్టి ఉంచింది. నాకు చూపించడానికే. నేను ఉడికిపోతుంటే చూడటం దానికి సరదా. పేపర్లో మా ఊరి పాత జైలు గోడ, గోడ మీద ఒక బొమ్మ, బొమ్మ పక్కన నా చెల్లెలు. పట్టుచీర కట్టింది. తలలో పూలు పెట్టింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఆ గోడ తన మొగుడు కట్టించినట్టు నిలబడింది.

"చదువు," అన్నాను.

హేమ చదివింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో పట్టుబడిన ఇటలీ సైనికులను ఈ జైల్లో ఉంచారట. వాళ్లలో ఒకడు వంటగది గోడ మీద మరియమ్మను గీశాడట. మొన్నటి గాలివానకు పెంకులు లేచిపోయి, గోడ తడిసి, సున్నం పెచ్చులు రాలితే ఆ బొమ్మ బయటపడిందట. కాలేజీలో చరిత్ర చెప్పే శ్రీకాంత్ సార్ వచ్చి, ఆ రోజుల మనుషులు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, జైలుకు పాలు పోసిన నల్లమ్మ ముందుకు వచ్చిందట. ఆ కళ్లూ ఆ ముక్కూ అచ్చం ఆమెవేనట. చివర్లో నా చెల్లెలి మాటలు కూడా వేశారు: "ఆ దొర రోజూ నన్నే చూస్తా ఉండె. మాటల్లేవు. చూపులే."

చూపులట!

"పాలు పోసింది నేను," అన్నాను.

"మరి చిన్నత్త..."

"నేను. రెండేండ్లు పోసినా. అది పోసింది నేను పురిట్లో ఉన్న నెల. నమ్మకపోతే మీ మామనడుగు."

"మామ యాడుండాడత్తా అడిగేకి?" అంది హేమ.

నిజమే. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ రోజులు తెలిసిన వాళ్లందరూ పోయారు. మిగిలింది నేనూ, అదీ. నేను ఊళ్లో లేని సమయం చూసి అది తన పేరు రాయించుకుంది. ఆ కాడికి నేను బతికే ఉన్నట్టు ఎవరికీ గుర్తు లేదు.

మా ఊరికి వేరే పేరు ఉంది గానీ పోస్టుమాను తప్ప ఎవరూ వాడరు. జైలు ఉంది కాబట్టి జైలుపల్లె. మా ముత్తాతల కాలంలో ధాత నామ సంవత్సరంలో పెద్ద కరువు వచ్చినప్పుడు జనం షావుకార్ల జొన్న పాతర్లు తవ్వుకుని తిన్నారు. తవ్విన వాళ్లను తెల్లదొరలు పట్టుకున్నారు. పెట్టడానికి చోటు చాలక ఊరి బయట బండరాళ్లతో ఈ జైలు కట్టించారు. లోపలున్న దొంగలకు రెండు పూటలా సంకటి, బయటున్న మంచోళ్లకు పస్తు. గోడ పక్కనే జనం పడి చచ్చిపోతుంటే ఒక దొరకు జాలి పుట్టి, వంటగది గోడకు కంత పెట్టించాడట, మిగిలిన గంజి బయటికి పోయడానికి. మూరెడు పైన మందం గోడ. ఖైదీలు బయటికి తొంగి చూడకుండా కంతను నడుము ఎత్తున, ఏటవాలుగా పెట్టారు. లోపలి నుంచి ఒక చెయ్యి గంజి పోస్తుంది, బయటి నుంచి ఒక చెయ్యి ముంత పడుతుంది. ఎవరి మొహం ఎవరికీ కనబడదు. అడుక్కోవడానికి సిగ్గుపడే వాళ్లకు అదే మేలైంది. అప్పటి నుంచి దాని పేరు గంజి కంత.

దొంగల తర్వాత జెండాలు పట్టుకున్న వాళ్లను పెట్టారు. వాళ్ల తర్వాత, నేను మేనమామను పెళ్లాడి ఊళ్లోనే కాపురం పెట్టిన ఏడాది, లారీల్లో ఈ ఇటలీ వాళ్లు దిగారు. గోడల మీద ముళ్ల తీగ చుట్టారు. వాళ్లను స్నానానికి వంకకు తోలుకుపోయే రోజు ముందే దండోరా వేసేవాళ్లు, ఆడవాళ్లంతా తలుపులు మూసుకోండని. మా నాయన శ్రీరంగప్పకు గొడ్లు ఎక్కువ, అందుకని పాలు పోసే పని ఆయనకు దొరికింది. మగవాళ్లను పంపితే ఖైదీలతో బీడీలకూ సారాయికీ బేరాలు పెడతారని జైలు సుబేదారు ఒప్పుకోలేదు. ఆడపిల్ల అయితే కంతలో చెయ్యి పెట్టి పాలిచ్చి పోతుంది, అంతకు మించి ఏం చేస్తుందని ఒప్పుకున్నాడు. పెద్దదాన్ని నేను. కడవ నా నెత్తి మీదికి వచ్చింది.

కడవ కంతలో పట్టదు. చెంబుతో ముంచి ముంచి అందించాలి. గాజులు రాళ్లకు తగిలి పగిలిపోతాయని మోచేతి దాకా తోసుకుని చెయ్యి లోపల పెట్టేదాన్ని. అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి అందుకునేది. ఎర్ర వెంట్రుకల చెయ్యి, బొటనవేలికి గోరు లేదు. మొదట్లో గబుక్కున లాక్కునేది, పోను పోను నిదానంగా అందుకునేది. ఆఖరి చెంబు మాత్రం వెంటనే తిరిగొచ్చేది కాదు. లోపల నీళ్ల చప్పుడు వినబడేది. ఆ చెంబును కడిగి, వంచి, చుక్క నీరు లేకుండా నా చేతికిచ్చేవాడు. రెండేళ్లు, రోజూ.

నా బతుకులో ఏ మగవాడూ నాకు కడిగిన చెంబు ఇవ్వలేదు. మా నాయన ఇవ్వలేదు, మొగుడు ఇవ్వలేదు. నా కొడుకు గంగాధరప్ప అయితే తాగిన గ్లాసు మంచం కింద పెట్టి, అది నా కాలికి తగిలి దొర్లేదాకా పట్టించుకోడు. ఆ చెంబుకు ఏం పేరు పెట్టాలో నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు అక్కర్లేదు. యుద్ధం అయిపోయి, వచ్చినట్టే లారీల్లో వాళ్లు వెళ్లిపోయారు. ఆ రోజు కూడా తలుపులు మూసుకోమని దండోరా వేశారు. జైలుకు సున్నం కొట్టి విత్తన శెనక్కాయల గోదాము చేశారు. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. కానీ అది నాది. అన్నీ నల్లమ్మకు పోగా నాకంటూ మిగిలింది అదొక్కటే.

అన్నీ అంటే అన్నీ. రంగు దానికే వచ్చింది. పొడుగు జడ దానికే. సంబంధం చూడటానికి వచ్చిన వాళ్లు నాకు పెళ్లయిందని తెలిసి "పోనీలే, చిన్నదుంది కదా" అని ఊపిరి పీల్చుకునేవాళ్లు. దాని మొగుడు తిరుపతి పోతే వెండి డాబు తెచ్చాడు, మా ఆయన లడ్డు తెచ్చాడు, అది కూడా సగం దారిలో తినేసి. మేం మూడు చోట్ల బోరు వేస్తే మూడు చోట్లా దుమ్మే లేచింది. వాళ్లు ఒక్కటి వేస్తే నీళ్లు మనిషి ఎత్తు ఎగిరాయి. ఆ నీళ్లలో వాళ్ల మనవలు కేరింతలు కొడుతుంటే నేను ఇంట్లో కూర్చుని వేరే పనేమీ లేక చాటలో రాళ్లు ఏరాను.

పచ్చబొట్టు విషయంలో కూడా అంతే. చిన్నప్పుడు పచ్చబొట్లు పొడిచే ఆమె వచ్చి ఇద్దరికీ కుడి ముంజేతి మీద తేలు బొమ్మ మొదలుపెట్టింది. నల్లమ్మ పళ్లు బిగబట్టి కొండి దాకా పొడిపించుకుంది. నేను తోక దగ్గరికొచ్చేసరికి చెయ్యి లాక్కుని పరుగెత్తాను. నా తేలుకు తోక లేదు. ఊరి పిల్లలంతా నన్ను మొండి తేలు అని ఏడిపించారు. అప్పటి నుంచి ముంజేతి నిండా గాజులు వేసుకుని దాన్ని కప్పుకోవడం అలవాటైపోయింది.

ఈ ఏడు నల్లమ్మ బోరు కూడా ఎండిపోయింది. సంతోషించానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. ఇక ట్యాంకరు దగ్గర ఇద్దరం ఒకే వరసలో నిలబడాలి కదా అనుకున్నాను. చిలమత్తూరు నుంచి వచ్చిన మర్నాడు ఆ సంతోషం కూడా పోయింది. ట్యాంకరు ఆగగానే బిందెల వరస రెండుగా చీలింది.

"మరియమ్మవ్వా, నువ్వు రా ముందుకు. పట్టుకో," అని ఎర్రన్న భార్య తన బిందె పక్కకు జరిపింది. బిందె బిందెకూ కొట్టుకునే మనుషులు, జుట్లు పట్టుకునే మనుషులు, నా చెల్లెలికి దారి వదిలారు. అది తల వంచుకుని, పెళ్లికూతురు మాదిరి నడిచి పోయి పైపు కింద బిందె పెట్టింది. నా బిందె తొమ్మిదోదో పదోదో. నా వంతు వచ్చేసరికి పైపులో గాలి వస్తోంది.

హేమ ఇంకా చెప్పింది. బొమ్మ చూడటానికి జనం రోజూ పోతున్నారట. చర్చికి పోయే వాళ్ల రెబెకా కొవ్వొత్తులు వెలిగిస్తే, మనవాళ్లు ఊరుకోలేక బొమ్మ నొసట కుంకుమ పెట్టారట. రెబెకా తుడిచేస్తే, వీళ్లు మళ్లీ పెట్టారట. బొమ్మ పాడైపోతుందని శ్రీకాంత్ సార్ మొత్తుకున్నాడట. అప్పుడు నల్లమ్మే తీర్పు చెప్పిందట: మొహం ఎవరూ ముట్టుకోవద్దు, బొమ్మ చేతికి పసుపు పూద్దాం, చాలు. అందరూ మెచ్చుకున్నారట. ముందుగా తనే పూసిందట.

"చిన్నత్త తెలివైంది," అంది హేమ.

"దాని తెలివి నాకు కొత్తా?" అన్నాను.

మర్నాడు ట్యాంకరు దగ్గర దాన్ని పట్టుకున్నాను. అందరూ వినాలని గట్టిగానే అడిగాను.

"ఏమే, చూపులంటనే? ఏం చూపులే అవి?"

"పేపరోళ్లు ఏందో రాసుకున్నారక్కా," అంది అది, బిందె మీద నుంచి కళ్లెత్తకుండా.

"కంతలో నుంచి మొహమెట్ల కనబడె నీకు? నాకు రెండేండ్లు కనబడలేదే! పాలు పోసింది నేనా నువ్వా? చెప్పు."

నల్లమ్మ మొహంలో రంగు పోయింది. ఆ మొహంలో రంగు పోవడం నేను చూసింది అదే మొదటిసారి, కడుపు నిండింది. కానీ చుట్టూ ఉన్న ఆడవాళ్లు నా వైపు చూసిన చూపు వేరే. "పోనీ పెద్దవ్వా, ఈ వయసులో దేవుని పనిలో కూడా పోటీనా?" అంది ఒకతె. పోటీనట. నాది నేను అడిగితే పోటీ.

"ఆదివారం బెంగళూరు నుంచి ఇటలీ ఫాదరొస్తాండాడు కదా, అనంతపురం నుంచి అధికారులొస్తాండారు కదా," అన్నాను. "అందరి ముందర చెప్తా. గంజి కంత దగ్గర నిలబెట్టి, యాడ నుంచి యాడికి ఏం కనబడుతుందో చూపిచ్చి చెప్తా."

శనివారం మధ్యాహ్నం అది మా ఇంటికి వచ్చింది. ఓళిగలు తెచ్చింది. మా ఇంటికి అది ఓళిగలు తేవడం పండగలకు కూడా లేదు. హేమ పొయ్యి దగ్గరికి పోయేదాకా ఆగి, నా పక్కన కూర్చుంది.

"అక్కా, రేపు నువ్వు రావద్దక్కా. ఎండ బలే ఉండాది. నీకు కాళ్లనొప్పులు."

"నా కాళ్ల సంగతి నీకేంటికే?"

"నేను చెప్పినందుకైనా రావద్దు. మొహం ఎవరిదైతే ఏముంది? బొమ్మే కదా."

"బొమ్మే కదా అనుకుంటే నాకిచ్చేయ్. రేపు నువ్వే చెప్పు, పాలు పోసింది మా అక్క, నేను కాదని."

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తున్నా అందంగానే ఉంటుంది దరిద్రం. ఆ ఓళిగలు నేను ముట్టుకోలేదు, హేమ తిన్నది.

ఆదివారం పొద్దున్నే, జనం రాకముందే, జైలుకు పోయాను. అప్పటిదాకా ఆ బొమ్మను చూడటానికి పోలేదు, నా చెల్లెలి మొహం చూడటానికి నేను జైలుకు పోవాలా అని. కానీ నలుగురిలో వాదించాలంటే ముందు చూసుకోవాలి కదా. కాపలా జాకబ్ గేటు దగ్గర నీళ్లు చల్లుతున్నాడు.

"అప్పుడే వచ్చినావే అవ్వా? ఇంగా ఎవరూ రాలే."

"ఎవరూ రాకముందే చూడాల. తాళం తీ."

తాళం తీసి వాడు మళ్లీ నీళ్ల పనికి పోయాడు. రెండేళ్లు పాలు పోశాను గానీ ఆ గోడ లోపల అడుగు పెట్టింది అదే మొదలు. వంటగదిలో ఇంకా శెనక్కాయ పొట్టు వాసన. సగం పైకప్పు లేదు, ఎండ నేరుగా పడుతోంది. ముందు కంత చూశాను. లోపలి వైపు నుంచి అది చాలా చిన్నది. వంగి చూశాను. బయట వేపచెట్టు మొదలు, కాస్త మట్టి. మనిషి నిలబడితే చెయ్యి తప్ప ఇంకేం కనబడదు. ఇదే చెప్పాలి, ఇక్కడే నిలబెట్టి చెప్పాలి అనుకున్నాను. చెబితే నల్లమ్మ మొహం ఆ గోడ మీద నుంచి పోతుంది. నా మొహం రాదు. రాకపోతే పోనీ. దానికి లేకపోతే అదే చాలు.

అప్పుడు బొమ్మ వైపు తిరిగాను. కంతను ఆనుకునే ఉంది. నీలం ముసుగు వేసుకున్న తల్లి. పెద్ద కళ్లు, పొడుగు ముక్కు. నల్లమ్మ వయసులో ఉన్నప్పటి మొహమే అనిపించింది. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, బాగుంది. ఒళ్లో పసిబిడ్డ. ఎడమ చేత్తో బిడ్డను పట్టుకుని, కుడి చెయ్యి కంత వైపు చాచి ఉంది. ఆ చేతిలో చెంబు. ఇటలీ వాళ్ల మరియమ్మ చేతిలో మన కంచు చెంబు.

చెయ్యి నిండా పసుపు, వేలెడు మందాన పేరుకుని ఉంది. మొహం మీద చుక్క లేదు, చెయ్యి మాత్రం కనబడటమే లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ చెంబు నాది, దాని మీద కూడా దీని పసుపేనా? కొంగు జాకబ్ బకెట్లో తడిపి తెచ్చి రుద్దాను. పసుపు ముద్దలు ముద్దలుగా ఊడింది. ముందు గాజులు కనిపించాయి. ముంజేతి మీద కాదు. పైకి తోసి, మోచేతి దగ్గర ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి.

ఇంకా రుద్దాను. ముంజేతి మీద ఆకుపచ్చగా ఒక గీత వచ్చింది. కాళ్లు వచ్చాయి. ముందరి రెండు డెక్కలు వచ్చాయి. తేలు.

దానికి తోక లేదు.

నేను కింద కూర్చున్నాను. గాజులు పైకి తోసుకుని నా చెయ్యి పక్కన పెట్టి చూసుకున్నాను. నా చేతి మీద ముడతల్లో తేలు నలిగిపోయింది. గోడ మీద తేలు అప్పుడే పొడిచినట్టు ఉంది. గోడ మందం అవతల నుంచి ఆ మనిషి నా మొహం ఎరగడు, నా పేరు ఎరగడు. ఎరిగింది ఎంతో అంతే గీశాడు. మిగతాది తనకు తెలిసిన తల్లి మొహం పెట్టుకున్నాడు.

"చూసినావా," అని వెనక నుంచి వినబడింది.

నల్లమ్మ. పట్టుచీర కట్టుకుని, చేతిలో పసుపు గిన్నె పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"నీకు ముందే తెలుసు," అన్నాను.

"ఫోటో తీసిన పొద్దే తెలుసు. సున్నం రాలినప్పుడు మొదుట కనబడింది మొహం కాదక్కా, ఈ చెయ్యే. అందుకే ఫోటోలో అరచెయ్యి ఆనిచ్చి మూసి నిలబడినా. ఆమీట పసుపు పూసినా."

"ఏంటికే? నీకు ఏం తక్కువైందని? రంగు నీది, బోరు నీది, ట్యాంకరు కాడ వరస నీది. ఈ ఒక్కటి కూడా నాకు లేకుండా చేయాలనా?"

అది వచ్చి నా పక్కన కూలబడింది. పట్టుచీర మట్టి అవుతోందన్న ధ్యాస లేదు.

"నువ్వు పురిట్లో ఉన్నప్పుడు నేను పోయినా కదా. మొదటి పొద్దు చెంబు లోపలికి పెడితే, ఆ చెయ్యి అందుకోలే. ఊరికే ఉన్నాది. ఆమీట వచ్చి నా తేలు తోక మీద బొటనవేలు పెట్టినాడు. తోకను మూసినాడక్కా. మూసి, ఏందో అడిగినాడు. వాళ్ల మాటలు నాకేం తెలుసు? కానీ ఏమడిగినాడో తెలిసిపాయ. తోక లేనిది యాడికి పోయిందని అడిగినాడు."

నా ఎడమ చెయ్యి పోయి నా మొండి తేలును మూసింది.

"చెంబు కడిగిచ్చినాడా?" అని అడిగాను. అంతకంటే ముందు అడగవలసినవి చాలా ఉన్నాయి, నాకు అదే వచ్చింది నోట్లో.

"కడిగేదేంది? నెలంతా పాలు వంపుకుని అట్లే తోసినాడు. వచ్చి నేనే కడుక్కుంటి." పట్టుకొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఊరంతా నా మొహం చూసి మెచ్చుకున్నారు. ఆయప్ప ఒక్కడు చూడలే. చూడనోడు నిన్నే అడిగినాడు. అప్పటి నుంచి నీ చెయ్యి చూస్తే నాకు మంటక్కా. ఎన్ని పెట్టుకున్నా, ఎన్ని కట్టుకున్నా, నీ చేతి గాజులు జరిగి ఆ మొండి తేలు కనబడితే నాకు ఆ పొద్దు అన్నం పోదు."

ఇన్నేళ్లూ మంట నా ఒక్కదాని ఆస్తి అనుకున్నాను. అది కూడా సగం దానిదే అని ఆ రోజు తెలిసింది. జాలి పడాలి, చెల్లెలు కదా. నాకు జాలి రాలేదు. అరికాళ్ల నుంచి నెత్తి దాకా సంతోషం పాకింది. నన్ను అడిగాడు. అన్నీ ఉన్న నల్లమ్మ చెయ్యి ముందు పెడితే, అది కాదు, ఇంకోటి యాడ అని అడిగాడు.

బయట జీపులు ఆగిన చప్పుడైంది. శ్రీకాంత్ సార్ గొంతు, జాకబ్ గొంతు, జనం గొంతులు గేటు దగ్గర వినిపించాయి.

"ఇంగ చెప్పుకో," అంది నల్లమ్మ. పసుపు గిన్నె కింద పెట్టేసింది. "నీదే. అందరూ చూస్తారు. నేను ఇంటికి పోతా."

లేవబోతుంటే దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. అందరూ చూస్తారు. ఆ మాట నా చెవిలో పడి అక్కడే ఆగిపోయింది. ఎర్రన్న భార్య చూస్తుంది. హేమ చూస్తుంది. పేపర్లో వేస్తారు, ఆటోవాడు నోటికొచ్చినట్టు చెబుతాడు. ఊరు ఊరంతా వచ్చి నా చేతికి పసుపు పూస్తారు. నేను లేచి నడుముకున్న వక్కాకు తిత్తి విప్పాను. సున్నపు డబ్బీ తీసి, ఉన్న సున్నమంతా వేలితో గోకి, ఆ తేలు మీద పూశాను. అది చాలక నల్లమ్మ గిన్నెలో పసుపు కలిపి మళ్లీ పూశాను. పసుపూ సున్నమూ కలిసి ఎర్రగా మారాయి. కాళ్లు పోయాయి, డెక్కలు పోయాయి, గాజులు కూడా పోయాయి.

"ఏం చేస్తాండావక్కా?" నల్లమ్మ నోరు తెరుచుకుని ఉంది.

"నోర్మూసుకో. నాది. నేను ఎవరికీ చూపీను."

అప్పటికే అందరూ లోపలికి వచ్చేశారు. ఫాదరు బాగా ముసలాయన, తెల్లగా పాలిపోయి, కర్ర పట్టుకుని ఉన్నాడు. బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత శ్రీకాంత్ సార్‌తో ఏదో అన్నాడు. సార్ అందరికీ చెప్పాడు: "వాళ్ల దేశంలో చాలా ఊళ్లలో మరియమ్మ మొహం ఇట్లే ఉంటుందంట. ఈ ఊరి ఆమెను చూసి గీసినాడని మనకు ఎట్ల తెలుసు అని అడుగుతున్నారు. అసలు ఆ ఖైదీ ఈమెను చూశాడా?"

జనం అందరూ నా వైపు తిరిగారు. ట్యాంకరు దగ్గర నేను అరిచింది ఎవరూ మరిచిపోలేదు. నల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"చూసినాడు," అన్నాను. "ఊరంతా చూసిన మొహం, ఆయప్ప చూడకుండా ఉంటాడా సార్? రాసుకోండి. మొహం మా నల్లమ్మదే."

అందరూ చప్పట్లు కొట్టారు. ఫాదరు నవ్వి, నల్లమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. అది గోడకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆయన కర్రతో బొమ్మ చెయ్యి చూపించి, ఆ ఎర్రది ఏమిటని అడిగించాడు.

"అది మా ఆచారం," అన్నాను. "దాన్ని ముట్టుకోగూడదు."

సార్ బోర్డు రాయించాడు. ముట్టుకోరాదు అని.

ట్యాంకరు ఇప్పటికీ వస్తోంది. నల్లమ్మనే ముందు నిలబెడతారు. మరియమ్మవ్వా, పట్టుకో అంటారు. నేను నా తొమ్మిదో చోటనో పదో చోటనో నిలబడి, బిందె చంకకు ఎత్తుకునే ముందు గాజులు మోచేతి దాకా తోసుకుంటాను. పైపు కింద బిందె నిండుతుంటే అది వెనక్కి తిరిగి చూస్తుంది. చూసి, తన కుడి చెయ్యి కొంగు కింద దాచుకుంటుంది.